మూడో వంతు నీళ్లు

ఏం చెప్పాలో మాట మాట పేర్చుకునే వచ్చింది ఈశ్వరి. పొద్దున బకెట్టు నిండేంత సేపట్లో మధ్యాహ్నం సగం బకెట్టే నిండుతాండాది బావా, నాకు రావల్సింది మూడో వంతు, వస్తాండేది అయిదో వంతు, నూటికి ముప్పై మూడు రావల్సిన చోట ఇరవై వస్తే చెట్లు ఎట్ల బతుకుతాయి. అంతే. ఇందులో నిష్ఠూరం లేదు, ఏడుపు లేదు, ఉన్నదల్లా లెక్క, లెక్క చెప్పడానికి వావి వరసలు అడ్డం రాకూడదు. అయినా బావా అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోతోంది, ఎందుకంటే ఆ మాట ఆయన మొహాన ఆమె ఎన్నడూ అన్నది కాదు. తిప్పేస్వామి ఆమె మొగుడికి అన్న. పెళ్లై కుందుర్పి దాటి ఈ ఊరికి వచ్చిన నాటి నుంచీ ఒకే బోరు, ఒకే గట్టు, పక్కపక్క ఇళ్లు, మధ్యలో మొండిగోడ, కానీ మొగుడి అన్నతో ఎదురుపడి మాట్లాడే ఆచారం వాళ్ల ఇంట్లో లేదు. ఇవాళ మాట్లాడాలి. మాట్లాడకపోతే ఈ చీనీ బత్తాయి చెట్లు వాన దాకా ఆగవు, ఆకు అప్పుడే ముడుచుకుంది. మాట్లాడితే, ఆయనకు కోపమొస్తే, నా అనుకోవడానికి ఊళ్లో మిగిలిన ఆ ఒక్క మనిషీ మిగలడు. ఫోను తీసి చూసింది, ఒంటి గంటన్నర. బోరు దగ్గర ఆయన వాల్వు తిప్పి నీళ్లు ఇటు వదిలేది మూడుకు. అందాకా ఈ చెట్టు కింద కూర్చోవడమే.

చెట్టు నీడంటే పేరుకే, ఆకు రాలిన కొమ్మల్లోంచి ఎండ చీర మీద గళ్లు గళ్లుగా పడుతోంది. ఎదురుగా కొండ మీద గాలిమరలు, ఒకటి తిరుగుతోంది, రెండు ఆగి ఉన్నాయి, మూడింట ఒకటి అని లెక్క దానంతటదే మనసులోకి వచ్చేసింది. ఈ జబ్బు కృపాకుమారి అంటించింది. చర్చి వీధిలో ఉంటుంది ఆ పిల్ల, డిగ్రీ చదివి ఊళ్లోనే ఆగిపోయింది, సంఘం భవనంలో మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా ఆడవాళ్లకు చదువు చెబుతుంది. ఈశ్వరి అక్కడికి చదువు మీద మోజుతో పోలేదు, ఆ వేళకి ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉంటుందని పోయింది. అక్షరాలు ఎలాగో వచ్చాయి, కూడికలు వచ్చాయి, ఉగాది దాటాక నిష్పత్తులు మొదలయ్యాయి. నిష్పత్తి అన్న మాటకు నోరు తిరగక వెనక వరసలో కూర్చునే ఆంజినమ్మ దానికి పాళ్ల లెక్క అని పేరు పెట్టింది, ఆ పేరే నిలిచిపోయింది. సంగటికి బియ్యం ఒక పాలు, రాగిపిండి రెండు పాళ్లు, ఇంట్లో ఆరుగురుంటే ఎంత, ముగ్గురుంటే ఎంత. ఆంజినమ్మ అందరికన్నా ముందు చెయ్యెత్తి, "నీళ్లెన్ని పోయల్లో చెప్పకుండా సంగటి యట్ల చేస్తారు పాపా," అనింది, నవ్వులే నవ్వులు. ఇవాళ కృపాకుమారి అక్క బిడ్డ బాప్తిస్మానికని గుత్తికి పోయింది, తరగతి లేదు. అందుకే ఇంత పెందలాడే తోటకు రావడం.

ముగ్గురుంటే ఎంత అని అడిగింది గానీ ఒక్కరుంటే ఎంత అని అడగలేదు కృపాకుమారి, అడిగితే చెప్పేది ఈశ్వరి. ఒక్కరికి పాళ్లు కుదరవు. బియ్యం తగ్గించొచ్చు, పిండి తగ్గించొచ్చు, నీళ్లు తగ్గించొచ్చు, అన్నీ లెక్క ప్రకారమే తగ్గించినా పొయ్యిలో మంట ఆ లెక్కకు రాదు, గిన్నె అడుగు తగ్గదు, పిడికెడు పిండి ఆ అడుగున పరుచుకొని మాడిపోతుంది, లేదంటే పచ్చిగా ఉండిపోతుంది. తెడ్డుతో కెలకడానికి పట్టు ఉండదు. మొగుడు గిరి ఉన్నప్పుడు గిన్నెను రెండు కాళ్ల మధ్య కట్టెతో అదిమి పట్టి, రెండు చేతులా గెలికి, తడి చేత్తో ముద్ద తిప్పి పళ్లెంలో వేస్తే అది గుండ్రంగా నిలబడేది, ఏం ముద్ద చేస్తావే అనేవాడు, అంతకన్నా ఎక్కువ మెచ్చుకోవడం ఆయనకు తెలియదు. గుండె నొప్పని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. నూటికి అంటే ఏమిటో చెప్పిన రోజు కృపాకుమారి హాజరుతో చెప్పింది, నలుగురిలో ఇద్దరొస్తే నూటికి యాభై, పది మందికి పది మందీ వస్తే నూటికి నూరు. ఆ సాయంత్రం ఇంటికి పోయి తాళం తీస్తూ ఈశ్వరి తన ఇంటి హాజరు లెక్క వేసుకుంది, ఒక్కరికి ఒక్కరు, నూటికి నూరు. నవ్వొచ్చింది, చెప్పుకోవడానికి ఎవరూ లేక ఆ నవ్వు లోపలికే పోయింది.

గంగక్క ఉండుంటే ఆమెకు చెప్పుకునేది. గంగక్క తోడికోడలు, తిప్పేస్వామి పెళ్లాం, ఈ రెండిళ్లకూ నోరు. సాయంత్రం పూట అరుగు మీద అందరూ కూర్చునేవాళ్లు, బావ ఆ కొసన, ఈశ్వరి ఈ కొసన, చెయ్యి చాస్తే అందేంత దూరం. "ఆ పిల్లకు చెప్పు, రేపు చెట్లకు మందు కొట్టాల," అనేవాడు బావ. చెవుల్లో పడేది, అయినా విననట్టే కూర్చునేది ఈశ్వరి. గంగక్క ఇటు తిరిగి, "రేపు మందు కొట్టాలంట, ఇన్నావా," అనేది. "ఇన్నానని చెప్పక్కా," అనేది ఈశ్వరి. గంగక్క అటు తిరిగి, "ఇనిందంట," అనేది, తర్వాత తనలో తను, "నేను లేకపోతే మీ ఇద్దరూ సైగలు చేసుకోవాల," అని గొణిగేది. మొగుడు పోయిన ఏడాది ఈశ్వరి ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు తల ఆనించి కూర్చుంటే, బావ బయటి నుంచి పెళ్లానికి ఏమేమో చెబుతుండడం, గంగక్క వచ్చి పక్కన కూర్చొని, "తినమంటాండాడు," అనడం గుర్తుంది. పోయిన ఆషాఢంలో కామెర్లతో గంగక్క పోయింది. శవం దగ్గర ఏడుస్తూ కూడా ఈశ్వరి బావతో మాట్లాడలేదు, ఆయనా మాట్లాడలేదు. ఆ తర్వాత ఇక ఎవరు ఎవరికి చెప్పాలి. ఒకవైపు ముండమోసిన ఆడది, ఒకవైపు పెళ్లాం పోయిన మగవాడు, బోరు దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడుకుంటే సుంకన్న టీ అంగడి దగ్గరికి అవి నలభై అయి చేరతాయి. అందుకే వాల్వు ఒక్కటే మాట్లాడుతోంది ఇద్దరి మధ్యా. ఆయన అటు తిప్పితే ఆయనకు, ఇటు తిప్పితే ఆమెకు, తిప్పేసి ఆయన గట్టు దిగి వెళ్లిపోతాడు, ఆమె తరగతి నుంచి వచ్చేసరికి మనిషి ఉండడు, నీళ్లు మాత్రం పారుతుంటాయి.

పాళ్లు పెద్దలు ఉన్నప్పుడే తేలినవి. ఆయనకు నాలుగెకరాలు, గిరికి రెండు, చదువుకని అమ్మింది పోగా అతని వాటాలో మిగిలింది అంతే, కాబట్టి నీళ్లు రెండు పాళ్లు అటు, ఒక పాలు ఇటు. కరెంటు పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఆరుకు పోతుంది, తొమ్మిదిలో ఆరు ఆయనవి, మూడు ఈమెవి, తొమ్మిది నుంచి మూడు దాకా ఆయన, మూడు నుంచి ఆరు దాకా ఈమె. బోరు నిండుగా పోసే కాలంలో దాని గురించి అనుకునే పనే లేదు. డ్రిప్పు పైపులు ఉడతలు కొరికేశాక మళ్లీ పాదులకే వదిలారు, ఒక పాదు నిండితే పక్క పాదుకు పొర్లేలా గిరి చిన్న చిన్న కాలువలు తీసి పోయాడు, ఆ కాలువలే ఇప్పటికీ. ఈ ఎండాకాలం పాదులు నిండడం మానేశాయి. ఎందుకో తెలుసుకుందామనే బకెట్టు పెట్టింది ఈశ్వరి. రెండిళ్లకూ ఒకసారే సున్నాలు వేయించినప్పుడు మిగిలిన రంగు బకెట్లు, గిరి ఒకటి వాళ్ల అన్నకిచ్చి ఒకటి ఇంటికి తెచ్చాడు, ఆ బకెట్టే. సాయంత్రం తన పైపు కింద పెట్టి అంకెలు లెక్కపెడితే నలభైకి నిండింది. ఒక పొద్దున బావ బంధువుల పెళ్లికని కుందుర్పికి పోతే, దొంగలా గట్టు దాటి ఆయన పైపు కింద పెట్టింది, ఇరవైకే నిండింది. కడుపు రగిలిపోయింది. నాకు మూడు గంటలంటారు, అది పొద్దుటి నీళ్లలో గంటన్నరే కదా. ఆయనవి ఆరు, నావి ఒకటిన్నర, మొత్తం ఏడున్నర, అందులో నాది అయిదో వంతు. పలక మీద వేసి కృపాకుమారికి చూపించింది, ఎవరిదో చెప్పకుండా. ఆ పిల్ల చూసి, "వేసింది సరిగ్గానే వేసినావు గానీ అక్కా, నూటికి ఇరవై అంటే దేని నూటికి, అది ముందు అడుక్కోవల్ల," అనింది. ఎప్పుడూ అనే మాటే అది, ఎవరు ఏ లెక్క చేసినా దేని నూటికి అంటుంది. ఈశ్వరి పట్టించుకోలేదు. అంకె చేతికి వచ్చాక ఇంకేం కావాలి.

ఆ అంకెను వారం రోజులుగా మోస్తోంది. అన్నం తింటూ ఇరవై, పక్క దులుపుతూ ఇరవై, మొండిగోడ అవతల ఆయన దగ్గితే ఇరవై. ఒకందుకు బాగానే ఉంది, నాలుగేళ్లలో ఇంత గట్టిగా ఎవరి గురించీ తలచుకోలేదు ఆమె. చీనీ చెట్టును పూత కోసం కొన్నాళ్లు నీళ్లు మాని ఎండగడతారు, తర్వాత నీళ్లు పెడితే ఒళ్లంతా పూస్తుంది, కానీ నీళ్లు పెట్టేవాడికి ఎప్పుడు పెట్టాలో తెలియాలి, మరచిపోతే అది ఎండగట్టడం కాదు, చంపడం. నన్ను అలా మరచిపోయారు అనుకుంది, ఎవరు మరచిపోయారో తేలలేదు. మరో లెక్క గుర్తొచ్చింది. ఒకటి సగానికి తగ్గి, ఆ తగ్గిన దాంట్లో మళ్లీ సగం పెరిగితే మొదటికి వస్తుందా అని అడిగింది కృపాకుమారి. వస్తుందన్నారు అందరూ. రాదు, ముక్కాలే వస్తుంది. ఇల్లు సగమైపోయింది గిరితో, ఆ మిగిలిన సగంలో గంగక్క కొంత నింపింది, మొదటికి రాలేదు, ముక్కాలుకు వచ్చింది, ఆ ముక్కాలూ పోయింది. ఎక్కడో మేక మెడ గంట మోగింది, తీగల్లో కరెంటు సన్నగా జుమ్మంటోంది, ఆ జుమ్మనడం ఉన్నంతసేపూ బోరు నడుస్తున్నట్టే, నడుస్తున్నంతసేపూ నీళ్లు అటే పోతున్నట్టే. బావా, ఒక మాట. బావా, కోపం చేసుకోవద్దు. బావా అన్నాక ఆయన అటు తిరిగి నిలబడితే ఏం చెయ్యాలి. ఆయన వీపుకు చెప్పాలి లెక్క.

పైపు దగ్గింది.

మొదట గాలి చిమ్మింది, తర్వాత తుపుక్కున కాసిని నీళ్లు, మళ్లీ గాలి, ఆ తర్వాత సన్నటి ధార ఆగకుండా పాదులో పడింది. ఈశ్వరి ఫోను చూసింది, రెండు. బావ పొరపాటు పడ్డాడు అనుకుంది, ఆయన చేతికి గడియారం లేదు, ఎండను చూసి తిప్పుతాడు, ఎండ మోసం చేసి ఉంటుంది. వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది, ఎండను చూసి తిప్పేవాడు ఏ రోజూ ఎండకు మోసపోలేదు. రోజూ తను వచ్చేసరికి మూడు నాలుగు పాదులు తడిసి ఉండేవి. తరగతి ఆలస్యమైంది, నేనే ఆలస్యంగా వచ్చాను, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాను అని తనను తనే తిట్టుకుందే గానీ ఆ పాదులు ఎప్పుడు తడిశాయని అడుక్కోలేదు. ఇంత సన్నటి ధారకు నాలుగు పాదులు తడవాలంటే గంట పడుతుంది. లేచి నిలబడింది. కాళ్లు గట్టు మీద బోరు వైపు నడుస్తున్నాయి, పేర్చుకున్న మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి, బకెట్టు, నలభై, ఇరవై, అయిదో వంతు, ఒక్కటీ చేతికి చిక్కడం లేదు.

బోరు పక్కన వేపచెట్టు మొదట్లో తిప్పేస్వామి కూర్చొని ఉన్నాడు. ఎప్పుడూ తిప్పేసి వెళ్లిపోతాడనుకున్న మనిషి తువ్వాలు మోకాళ్ల మీద వేసుకొని, నీళ్లు ఇటు పోతున్నాయా లేదా అని పైపు మీద చెయ్యి ఆనించి చూస్తున్నాడు. ఆయన పక్కన రంగు బకెట్టు, తన ఇంట్లో ఉన్నలాంటిదే, గిరి ఇచ్చినదే, లోపలింకా తడిగా ఉంది. ఈశ్వరిని చూడగానే లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఆమె కొంగు ముందుకు లాక్కొని పక్కకు తిరిగి నిలబడింది. గడ్డం నెరిసిపోయింది ఈయనకు, ఎప్పుడు నెరిసింది అనుకుంది.

"బావా," అంది.

ఆయన ఆ మాట విని తన పక్కకు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. జవాబు గంగక్కకు చెప్పడానికి తిరిగాడని ఈశ్వరికి అర్థమైంది, కళ్లు మండాయి.

"రెండుకే తిప్పినారు," అంది.

"నీళ్లు పల్చగైనాయి కదమ్మా," అన్నాడు బకెట్టు వైపు చూస్తూ. "పన్నెండు దాటితే సగమే పోస్తాండాది బోరు. మూడుకు తిప్పితే నీ పాలు నీకు రాదు. అందుకని."

"ఎప్పట్నుంచి?"

"శివరాత్రి అయినప్పట్నుంచి."

"నాకు చెప్పలేదే."

తిప్పేస్వామి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చెప్పేకి మనిషి లేకపాయ," అన్నాడు.

దేని నూటికి. కృపాకుమారి గొంతు చెవిలో మోగినట్టయింది. ఆయన ఆరు గంటలూ నిండు నీళ్లే అనుకుంది తను, పొద్దున ఒక్కసారి బకెట్టు పెట్టి ఆరు గంటలకూ అదే అంకె వేసేసింది, పన్నెండు తర్వాత బోరు సన్నబడితే అది ఆయన చెట్లకూ సన్నబడుతుందని తట్టలేదు. వేళ్ల మీద మళ్లీ వేసింది, పెదాలు కదలకుండా. పన్నెండు దాకా మూడు గంటలు నిండుగా, మూడు. పన్నెండు నుంచి ఆరు దాకా సగం సగంగా ఆరు గంటలు, అవీ మూడే. మొత్తం ఆరు. అందులో మూడో వంతు రెండు. సగం నీళ్లలో రెండంటే నాలుగు గంటలు. ఆరు నుంచి నాలుగు గంటలు వెనక్కి పోతే రెండు. మళ్లీ వేసింది, మళ్లీ రెండే వచ్చింది. ఆయన ఏ పలక మీదా వేసి ఉండడు, బకెట్టు పెట్టి చూసుకుంటూ, ఒక్కో రోజు కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ ఇక్కడికి వచ్చి ఉంటాడు. నూటికి ముప్పై మూడు, చుక్క తేడా లేకుండా వస్తోంది తనకు. ఇంక ఎవరి మీద కోపం పెట్టుకోవాలి. వారం రోజులుగా ఆ కోపమైనా ఇంట్లో తోడుగా ఉండేది, ఇప్పుడు అదీ లేదు, సిగ్గు మాత్రం ఉంది, సిగ్గు కింద ఇంకేదో చల్లగా పాకుతోంది.

"అయినా నా చెట్లు ఎండుతాండాయి," అంది, ఇంకేం అనాలో తెలియక.

"నావీ ఎండుతాండాయమ్మా. దిగువ మడిలో సగం పోయినాయి. పాళ్లలో తప్పు లేదు, నీళ్లే లేవు." గొంతు తగ్గించి, "నీయి చిన్న చెట్లు. అవి బతుకుతాయంటే నా పాలు గుడక ఇటే తిప్పుదామని ఉండాది. అడగల్లంటే యట్ల అడగల్లో తెలీలేదు," అన్నాడు.

ఈశ్వరి తల తిప్పి దిగువ మడి వైపు చూసింది. ఆయన చెట్లు మొదళ్ల దాకా బూడిద రంగులో ఉన్నాయి, గట్టుకు ఇవతలే తిరుగుతూ వాటిని ఇన్నాళ్లూ చూడనే లేదు. గట్టు కింద బండి దారిలో ఎవరో పోతున్నారు, తల ఎత్తి బోరు వైపు చూస్తున్నారు, టీ అంగడి దాకా పోతుంది ఈ సంగతి సాయంత్రంలోపల. పోనీ అనుకుంది. బతికేవి ఏవో, వదులుకోవాల్సినవి ఏవో ఇద్దరూ కలిసి తోట తిరిగి చూసుకోవాలి, అది ఒక పూటలో తేలే మాట కాదు, రేపూ రావాలి, ఎల్లుండీ రావాలి. కొంగు భుజం మీదికి సర్దుకుంది. ఇంతసేపూ పక్కకు తిరిగి నిలబడినదల్లా ఆయన వైపు తిరిగింది.

"రేపు పొద్దున చెట్లు చూద్దాం బావా, రెండు మళ్లూ," అంది. "వచ్చేటప్పుడు నేను సంగటి తెస్తా. ఒక్కరికి చేస్తే కుదరడం లే నాకు."

నీళ్లు పైపులో గాలిని తోసుకుంటూ ఆమె చేని వైపు పోతున్నాయి. తిప్పేస్వామి బకెట్టు బోర్లించి నేల మీద పెట్టాడు.

"నాకూ కుదరడం లేదమ్మా," అన్నాడు, ఈసారి పక్కకు చూడకుండా.